మీ షార్ట్ ఫిల్మ్ పోటీకి నామినేషన్లు పెట్టండి: ఆస్కార్ లెక్క, నంది లెక్క

ముందు ప్రశ్న ఏందో చెప్తా. అనంతపురం నుంచి ఒక తమ్ముడు అడిగినాడు. వాళ్ల కాలేజీలో షార్ట్ ఫిల్మ్ పోటీ పెడుతున్నారు, నలభై దాకా సినిమాలొచ్చినాయి. ఆస్కార్లలో మాదిరి ముందు నామినేషన్లు ప్రకటించి ఆనక విజేత పేరు చెప్పాలా, లేకుంటే నేషనల్ అవార్డుల మాదిరి నేరుగా విజేతల పేర్లే చెప్పేయాలా అని కమిటీలో తెగని వాదన. దాంతోపాటు ఇంకో రెండు అడిగినాడు. ఆర్‌ఆర్‌ఆర్ అంత పెద్ద సినిమాకు ఆస్కార్లో ఒక్క నామినేషనే ఎందుకొచ్చింది? పదేసి నామినేషన్లొచ్చిన సినిమాలు ఒట్టి చేతులతో ఎట్లా ఇంటికి పోతాయి?

మూడూ ఒకే ముడి, అబ్బీ. ఒకటి విప్పితే మిగతా రెండూ వాటంతటవే ఊడొస్తాయి.

నేనుండేది కడప. ఇరవై ఎనిమిదేళ్లు పత్రికల్లో సినిమా వార్తలు రాసినాను. ఇప్పుడు రిటైరై ఒక చిన్న ఫిల్మ్ క్లబ్బు నడుపుతున్నాను. కడపలో, కర్నూల్లో కలిపి నాలుగు పోటీలకు జ్యూరీలో కూర్చున్నాను. ఆ అనుభవంతో చెప్తున్నా, నామినేషన్లు పెట్టండి. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నామినేషన్ అంటే సెమీఫైనల్ అనుకుంటారు మనవాళ్లు. ఐదుగురు పరిగెత్తినారు, ఒకడు గెలిచినాడు, నలుగురు ఓడినారు అని లెక్క. ఆస్కార్లో జరిగేది అది కాదు. అక్కడ ఓటు రెండుసార్లు పడుతుంది. వేసే జనం వేరు, లెక్కపెట్టే తీరూ వేరు.

ఆస్కార్లు ఇచ్చే సంస్థ పేరు అకాడమీ. అందులో ఓటర్లు సుమారు పదివేల మంది. నటులు, దర్శకులు, ఎడిటర్లు, కెమెరావాళ్లు, సంగీతంవాళ్లు అని శాఖలుంటాయి. నామినేషన్లప్పుడు ఎవరి శాఖ వాళ్లదే. ఎడిటింగ్ బాగుందో లేదో ఎడిటర్లే చెప్తారు, పాట సంగతి సంగీత శాఖ తేలుస్తుంది. ఉత్తమ చిత్రం ఒక్కదానికే అన్ని శాఖలవాళ్లూ నామినేషన్ ఓటు వేస్తారు. ఇక్కడ అసలు కిటుకు లెక్కలో ఉంది. ఓటరు తనకు నచ్చినవాటిని ఒకటి, రెండు, మూడు అని వరుసలో రాస్తాడు. ఐదు చోట్లుంటే, పడిన ఓట్లను ఆరుతో భాగించి వచ్చిన అంకె దాటినవాళ్లకు చోటు ఖాయం. అంటే శాఖలో ఆరో వంతు మంది మనసారా నిన్ను మొదటి పేరుగా రాస్తే చాలు, మిగతా ఐదు వంతుల మందికి నువ్వు ఎక్కకపోయినా నీ నామినేషన్ ఆగదు.

తుది ఓటు అట్లా కాదు. అప్పుడు నటుడూ, మేకప్ చేసేవాడూ, రచయితా అందరూ కలిసి అన్ని విభాగాలకూ వేస్తారు. ఉత్తమ చిత్రం తప్ప మిగతా అన్నిటికీ ఒకే టిక్కు, ఎక్కువ పడినవాళ్లది గెలుపు. నామినేషన్లో నిన్ను ప్రాణంగా ప్రేమించేవాళ్లు కొందరుంటే సరిపోతుంది. గెలవాలంటే నీ పని తెలియనివాళ్లలో కూడా శానామంది నిన్నే తలుచుకోవాలి.

నీ మూడో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్‌కు 2024లో 10 నామినేషన్లు, అవార్డు సున్న. అంతకు ముందేడు ది బాన్షీస్ ఆఫ్ ఇనిషెరిన్‌కు 9, అవార్డు సున్న. ది కలర్ పర్పుల్‌కు 1986లో 11 వచ్చి ఒక్కటీ దక్కలేదు. 2025లో ఎమీలియా పెరెజ్ 13 నామినేషన్లతో వచ్చి 2 అవార్డులతో సరిపెట్టుకుంటే, 6 నామినేషన్ల అనోరా 5 పట్టుకుపోయింది. ఒట్టి చేతులతో పోయిన సినిమాలను పేపర్లు పరాజితుల లెక్కన రాస్తాయి. నేనూ ఒకప్పుడు అట్లాగే రాసినాను. ఇప్పుడు రాయను. పది నామినేషన్లంటే అన్ని విద్యల నిపుణులు తలా ఒక చోట ఈ పని మాకు నచ్చింది అని విడివిడిగా ఓటేసినారన్న మాట. ఆ మాట ఆ రాత్రి కవరు విప్పినంత మాత్రాన చెరిగిపోదు.

ఇప్పుడు మన పాట, ఆర్‌ఆర్‌ఆర్‌లోని ‘నాటు నాటు’ దగ్గరికి వస్తాం.

2023 ఆస్కార్లకు అర్హత ఉన్న పాటలు 81. సంగీత శాఖ వాటిని 15కు కుదించింది. ఆ పదిహేనులోంచి ఐదు పేర్లు జనవరి 24న బయటికొచ్చినాయి. ఆ ఐదు పేర్లూ ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి మా క్లబ్బు గోడకు అంటించినాడు మాతో పాటు సినిమాలు చూసే ఒక సంగీతం మాస్టరు. టాప్ గన్ మావెరిక్ పాటకు లేడీ గాగా. బ్లాక్ పాంథర్ వకాండా ఫరెవర్ పాటకు రిహానా. ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్ పాటకు డేవిడ్ బర్న్, మిట్‌స్కీ, ర్యాన్ లాట్. టెల్ ఇట్ లైక్ ఎ వుమన్ పాటకు డయాన్ వారెన్. వాళ్ల నడుమ ఎం.ఎం. కీరవాణి, చంద్రబోస్. కాగితం అంటించి ఆ మాస్టరు చాలాసేపు అక్కడే నిలబడినాడు. మన తెలుగు పేర్లు ఆ వరుసలో చదువుకుంటుంటే గొంతు పట్టేసిందని నాతో చెప్పినాడు. విజేత ఎవరన్నది అప్పటికింకా ఏడు వారాల దూరం.

డయాన్ వారెన్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ ఏడాది ఆమెకది 14వ నామినేషన్. అప్పటికి పోటీలో ఒక్కసారి కూడా గెలవలేదు, అకాడమీ 2022లో గౌరవ ఆస్కార్ మాత్రం ఇచ్చింది. పద్నాలుగుసార్లు సాటి సంగీతకారులు ఆమె పేరు ఐదుగురిలో పెట్టినారు. ఆమెను ఓడిపోయిన మనిషి అనడానికి నాకు నోరు రాదు.

మార్చి 13, సోమవారం, మన టైము ప్రకారం పొద్దున ఐదున్నరకు కార్యక్రమం మొదలు. మా ఇంట్లో పదకొండు మందిమి చేరినాం. స్టేజీ మీద రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడుతుంటే పాలు పోయడానికి వచ్చినాయన కూడా క్యాను గడప దగ్గర దించి నిలబడి చూసినాడు. పేరు చదివినప్పుడు ఎవ్వరికీ మాట రాలేదు, మా ఆవిడ ఒక్కతే చప్పట్లు కొట్టింది. ఆ వెనక అందరం అరిచినాం.

ఇక ఆర్‌ఆర్‌ఆర్‌కు ఒక్కటే ఎందుకన్నావు కదా. విదేశీ భాషా చిత్రాల విభాగం, ఇప్పుడు దాన్ని అంతర్జాతీయ చిత్రం అంటున్నారు, దానికి ఒక దేశం నుంచి ఒకే సినిమా పోతుంది. మనకు ఆ ఎంపిక చేసేది ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. ఆ ఏడాది వాళ్లు గుజరాతీ సినిమా ఛెల్లో షోను పంపినారు. అది 15 సినిమాల జాబితా దాకా పోయింది గానీ చివరి ఐదులో నిలవలేదు. తెలుగు నుంచి ఆ దారిలో పోయింది కె. విశ్వనాథ్ గారి స్వాతిముత్యం ఒక్కటే. ఆ తలుపు మూసుకున్నాక ఆర్‌ఆర్‌ఆర్‌కు మిగిలింది మామూలు విభాగాలు. అమెరికాలో నిర్ణయించిన నగరాల్లో ఒకదాంట్లో వరసగా ఏడు రోజులు థియేటర్లో ఆడితే ఏ దేశపు సినిమా అయినా వాటికి పోటీ పడొచ్చు. అయితే అక్కడ హాలీవుడ్ సినిమాలన్నిటితో తలపడాలి. ఒక్కో శాఖను విడివిడిగా మెప్పించాలి. సంగీత శాఖ ఒప్పుకుంది, మిగతా శాఖల ఐదులో చోటు దొరకలేదు. దాన్ని కుట్ర అనేవాళ్లున్నారు. నేను అననబ్బీ. ఎనభై ఒక్క పాటల్లో ఒకటిగా పోయి గెలిచొచ్చిన పాట మనది, పక్కన కుట్ర మాటలు పెట్టి దాని విలువ తగ్గించుకోవద్దు.

ఉత్తమ చిత్రానికి తుది ఓటు మాత్రం వేరే పద్ధతి అన్నాను కదా. ఇది మీ పోటీకి బాగా పనికొస్తుంది, కాబట్టి మా క్లబ్బులో చేసిన లెక్క ఉన్నదున్నట్టు చెప్తా.

మా క్లబ్బులో ఏడాది చివర ఆ ఏడు చూసినవాటిలో మంచి సినిమా ఏదో ఓటేసుకుంటాం. మొదట్లో చేతులెత్తేవాళ్లం. ఒక ఏడాది ఇరవై ఐదు మందిలో తొమ్మిది మంది ఒక యాక్షన్ సినిమాకు ఎత్తినారు, అదే గెలిచింది. మిగతా పదహారు మందిలో సగానికి పైగా ఆ సినిమా నచ్చనివాళ్లే. గొడవైంది, ఇద్దరు క్లబ్బుకు రావడం మానేసినారు. మరుసటి ఏడాది నేను ఆస్కార్ పద్ధతి పెట్టినాను. అందరికీ ఒక్కో చీటీ ఇచ్చి, నాలుగు సినిమాలనూ ఇష్టమైన వరుసలో రాయమన్నాం. ఇంట్లోంచి నాలుగు స్టీలు గిన్నెలు తెచ్చి బల్ల మీద పెట్టి, ఒక్కో గిన్నెకు ఒక్కో సినిమా పేరు అంటించినాం. ఒక రిటైర్డ్ లెక్కల మాస్టరు చీటీలు విప్పి మొదటి పేరు గట్టిగా చదువుతూ ఆయా గిన్నెల్లో వేసినాడు.

యాక్షన్ సినిమాకు 9. ఒక కుటుంబ కథకు 7. ఒక మలయాళం సినిమాకు 5. ఒక పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాకు 4. గెలవాలంటే సగం దాటాలి, అంటే 13. ఎవరికీ రాలేదు. అందరికన్నా తక్కువున్న పాత సినిమా గిన్నె ఖాళీ చేసినాం. ఆ నాలుగు చీటీల్లో రెండో పేరు చూస్తే మూడింట కుటుంబ కథ, ఒకదాంట్లో మలయాళం. ఇప్పుడు 9, 10, 6. మళ్లీ సగం దాటలేదు. మలయాళం గిన్నె ఖాళీ చేసినాం. ఆ ఆరు చీటీల్లో తర్వాతి పేరు ఐదింట కుటుంబ కథ, ఒకదాంట్లో యాక్షన్. చివరికి కుటుంబ కథ 15, యాక్షన్ 10. మొదటి లెక్కలో ముందున్న సినిమా ఓడిపోయింది. ఆ రోజు ఎవ్వరూ అలగలేదు. యాక్షన్ సినిమాకు వేసిన కుర్రోడు ఒకడు గిన్నెలోని చీటీలు తనే మళ్లీ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి, సరే అన్నాడు. గెలిచిన సినిమాను ఎక్కువమంది మొదటి పేరుగా రాయకపోయినా, దాన్ని అడుగున తోసినవాళ్లు తక్కువని వాడి కళ్లకే కనపడింది.

ఆస్కార్ ఉత్తమ చిత్రం తేలేది అచ్చం ఇట్లాగే. 10 సినిమాలు, వేల చీటీలు, గిన్నెలుండవు, అంతే తేడా.

మన పద్ధతి వేరు. నేషనల్ అవార్డులకు నామినేషన్లుండవు. ప్రాంతీయ కమిటీలు చూసి వడగడతాయి, పైన కేంద్ర జ్యూరీ కూర్చుని తేలుస్తుంది, నేరుగా విజేతల పేర్లు చదువుతారు. నంది అవార్డులదీ కమిటీ పద్ధతే. 1964 నుంచి ఇచ్చిన ఆ నంది ఏదనుకున్నావు? మీ లేపాక్షి బసవన్నే. పదిహేనడుగుల ఎత్తు, ఇరవై ఏడడుగుల పొడవు, ఒకే రాయి. జిల్లాలు విడగొట్టినాక లేపాక్షి శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయిందిలే, అయినా నా నోటికి అది అనంతపురం నందే. 2014, 2015, 2016 సంవత్సరాల నందులు ఒక్కసారిగా 2017 నవంబరులో ప్రకటించినారు, పెద్ద రచ్చైంది, ఆ తర్వాత ఆగిపోయినాయి. ఆ రచ్చలో ఎవరిది న్యాయమో ఇక్కడ తేల్చబోను. ఒకటి మాత్రం గమనించినాను. ఎవరెవరిని పరిశీలించినారో బయటికి తెలియనప్పుడు, విజేత పేరు మీద అనుమానం ఇట్టే పుడుతుంది.

జ్యూరీ పద్ధతిలో ఒక గొప్ప సుగుణం కూడా ఉంది, అది చెప్పకపోతే తప్పవుతుంది. పదిమంది ఒక గదిలో కూర్చుని సినిమాలన్నీ చూస్తారు. ప్రచారానికి డబ్బు లేని సినిమా కూడా వాళ్ల కంట పడుతుంది. దీనికి మా జిల్లా ఉదాహరణే ఉంది. సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి గారు కడప జిల్లా రచయిత. కరువులో గొర్రెల మందలను తోలుకుని నల్లమల ఎక్కే కాపరుల మీద కొండపొలం నవల రాసినారు. 2021లో అది సినిమాగా వచ్చింది, థియేటర్లలో పెద్దగా నిలవలేదు. ఆ సినిమాలోని ‘ధం ధం ధం’ పాటకు చంద్రబోస్ గారికి 69వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ గీత రచయిత పురస్కారం వచ్చింది. ప్రకటన 2023 ఆగస్టులో. మార్చిలో లాస్ ఏంజెలెస్‌లో ఆస్కార్ అందుకున్న మనిషే, అయిదు నెలలకు మా గొర్రెల కాపరుల పాటకు జాతీయ అవార్డు గెలిచినాడు. ప్రపంచమంతా ఎగిరిన పాటను పదివేల మంది ఓటర్లు చూడగలిగినారు. నల్లమల పాటను వెతికి పట్టుకోవడానికి ఒక జ్యూరీ కావాల్సి వచ్చింది. రెండు పద్ధతులూ మనకు అవసరమే అని నేననేది అందుకే.

ఆ 69వ అవార్డుల్లోనే పుష్పకు అల్లు అర్జున్ ఉత్తమ నటుడైనాడు, తెలుగు నటుడికి అది మొదటిసారి. మా జిల్లాకే చెందిన బి.ఎన్. రెడ్డి గారికి 1974కు, ఆయన తమ్ముడు నాగిరెడ్డి గారికి 1986కు దాదాసాహెబ్ ఫాల్కే దక్కింది. అది జీవితకాలపు గౌరవం, పోటీ లెక్కలోకి రాదు. ఆ పేర్లు తలుచుకోకుండా సినిమా అవార్డుల గురించి రాయడం కడపవాడిగా నాకు చేతకాదు.

ఇప్పుడు అసలు కారణం చెప్తా. కొన్నేళ్ల కిందట కర్నూల్లో ఒక కాలేజీవాళ్ల పోటీకి నన్ను జ్యూరీకి పిలిచినారు. ముప్పై మూడు సినిమాలు. ముగ్గురం రెండు రోజులు కూర్చుని చూసినాం. సుంకేసుల కాలువ గట్టున తీసిన పదకొండు నిమిషాల సినిమా ఒకటి ఉండింది. ఒక ముసలాయన సైకిలు మీద నీళ్ల బిందెలు మోస్తుంటాడు, మాటలు దాదాపు లేవు. సైకిలు గొలుసు ఊడిపోతే ఆయన బిందెలు దించకుండానే, ఒక తొడతో సైకిలును ఆనించి పట్టుకుని గొలుసు ఎక్కిస్తాడు. ఆ ఒక్క షాటు నిమిషంన్నర, ఎక్కడా కోయలేదు. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కెమెరా విభాగంలో చాలాసేపు దాని గురించే మాట్లాడుకుని, చివరికి ఒక్క మార్కు తేడాతో ఇంకోదానికి ఇచ్చినాం. స్టేజీ మీద మూడు పేర్లు చదివినారు, కార్యక్రమం అయిపోయింది.

ఏడాదిన్నర తర్వాత ఆ పిల్లోడు బస్టాండులో కనపడి తనే వచ్చి పలకరించినాడు. ఇప్పుడేం తీస్తున్నావని అడిగినాను. కెమెరా అమ్మేసినా సార్, నాకు రాదని అర్థమైంది అన్నాడు. మేము వాడి సినిమా గురించి ఎంతసేపు మాట్లాడుకున్నామో వాడికి తెలియదు. చెప్పే ఏర్పాటు లేదు. నేనైనా వెతుక్కుంటూ పోయి చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. ఆ రోజే అన్నీ చెప్పినాను. గొలుసు షాటు గురించి చెప్తుంటే వాడు మధ్యలో ఆపి, అది మీరు గమనించినారా సార్ అని అడిగినాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఐదు పేర్లున్న ఒక కాగితం ఆ రోజు నోటీసు బోర్డు మీద ఉండి ఉంటే ఆ పిల్లోడు కెమెరా అమ్మేవాడు కాదని నేను నమ్ముతున్నాను.

అందుకని మీ కమిటీకి నేను చెప్పేది ఇది. నలభై సినిమాల్లోంచి నామినేషన్లు చేసే పని ఒక చిన్న జ్యూరీకి ఇవ్వండి. అందులో కెమెరా పట్టినవాళ్లు, ఎడిటింగ్ తెలిసినవాళ్లు, కథలు రాసేవాళ్లు ఉండాలి. ఎవరికి తెలిసిన విభాగం మీద వాళ్లదే మాట. ఒక్కో విభాగానికి ఐదు పేర్లు, కారణం ఒక్క వాక్యంలో రాయండి. ‘గొలుసు ఎక్కించే షాటుకు’ అన్నంత నిర్దిష్టంగా ఉండాలి, ‘చక్కని ఛాయాగ్రహణం’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. జాబితా వారం ముందే నోటీసు బోర్డెక్కాలి.

ఆ వారంలో నామినేట్ అయినవన్నీ ఆడిటోరియంలో వేయండి. అన్నీ చూసినవాళ్లకే ఓటు. వచ్చినప్పుడల్లా సంతకం పెట్టించుకుంటే సరిపోతుంది. ఇది నా సొంత చాదస్తం కాదు. అకాడమీ కూడా 2025లో ఇదే నియమం తెచ్చింది, ఒక విభాగంలో నామినేట్ అయిన సినిమాలన్నీ చూస్తేనే ఆ విభాగంలో తుది ఓటు. లేకుంటే ఏమవుతుందో మీ కాలేజీలో నీకే తెలుసు, ఏ బ్రాంచిలో పిల్లలెక్కువుంటే ఆ బ్రాంచి సినిమా గెలుస్తుంది. ఉత్తమ చిత్రానికి మాత్రం వరుస చీటీలు పెట్టి, గిన్నెల లెక్క అందరి ముందరే చేయండి.

కవర్ల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. 1940లో ఫలితాలు ముందే పత్రికలో వచ్చేసినాయి, అందుకే మరుసటి ఏడాది నుంచి ఆస్కార్లో సీలు కవర్లు మొదలైనాయి. 2017లో చేతికి వేరే కవరు ఇవ్వడంతో మూన్‌లైట్‌కు రావాల్సిన ఉత్తమ చిత్రం లా లా ల్యాండ్‌కు ప్రకటించి, వాళ్లు స్టేజీ మీద మాట్లాడుతుండగానే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కవరు మీద విభాగం పేరు పెద్దక్షరాల్లో ఉండాలి, లోపలి కాగితం మీద కూడా ఉండాలి. చదివేవాళ్లకు నామినేట్ అయిన ఐదుగురి పేర్లూ ముందు రోజే ఇచ్చి పలికించండి. ఊరి పేరు తప్పు చదివితే వెనక కూర్చున్న అమ్మానాన్నలు చిన్నబోతారు.

నామినేట్ అయినవాళ్లందరినీ ముందు వరుసలో కూర్చోబెట్టండి. విజేతకిచ్చే సర్టిఫికెట్ ఏ కాగితం మీద ఉందో, నామినేషన్ సర్టిఫికెట్ కూడా అదే కాగితం మీద ఉండాలి. జెరాక్సు కాపీ ఇస్తే ఇవ్వనట్టే.

ఓట్లు లెక్కపెట్టే రోజు ఏదో తేలినాక ఇక్కడే రాయి తమ్ముడూ. తాడిపత్రి మీదుగా పొద్దున బస్సుకు బయల్దేరి మధ్యాహ్నానికల్లా చేరుకుంటాను. గిన్నెలు నేనే తెస్తా.